దూలగొండి గింజ – మెదడులో తాళాలు

రాయచోటి వైపు పల్లెల్లో దూలగొండి పేరు చెబితేనే చేతులు గోక్కునే పిల్లలుంటారు. పొదల మీద, కంచెల మీద అల్లుకునే ఈ తీగ కాయలకు సన్నని నూగు ఉంటుంది. అది ఒంటికి తగిలిందా, ఇక గంతులే! అయితే ఆ కాయ లోపలి గింజలో ఏముందో మీకు తెలుసా?

1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఈ గింజల నుంచి ‘ఎల్-డోపా’ అనే పదార్థాన్ని వేరుచేశారు. అప్పట్లో రాయచోటి కూడా మద్రాసు రాజధానిలోనిదే. ఆ పదార్థం మెదడు జబ్బుకు మందవుతుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ అనే మందు ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరులో దొరికేదే. కుందేళ్ళు కదలకుండా చతికిలబడ్డాయి. డోపా ఎక్కించగా కాసేపటికే లేచి తిరిగాయి! డోపా మెదడులో ‘డోపమిన్’గా మారుతుందనీ, కదలికలకు డోపమిన్ అవసరమనీ క్రమంగా తేలింది. 2000లో కార్ల్‌సన్‌కు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతకీ డోపమిన్ ఎక్కడ పనిచేస్తుంది? నాడీకణానికి మధ్యలో కణదేహం, చెట్టుకొమ్మల్లా డెండ్రైట్లు, పొడవైన తోకలా ఆక్సాన్ ఉంటాయి. ఒక కణం ఆక్సాన్ కొన మరొక కణాన్ని సమీపించే చోటు నాడీసంధి. అక్కడి ఎడం మిల్లీమీటరులో సుమారు 50,000వ వంతు మాత్రమే! డోపమిన్ తాళంచెవి అనుకుంటే, దాన్ని అందుకునే ‘గ్రాహకం’ తాళం. గ్రాహకం ఒక ప్రోటీను. కణపు పొరలో కుట్టుదారంలా అటూ ఇటూ ఏడుసార్లు దూరి ఉంటుంది. డి1 నుంచి డి5 వరకు ఇవి అయిదు రకాలు.

ఈ తాళాలు అన్ని చోట్లా ఒకేలా ఉండవు. మెదడు లోతున స్ట్రయేటమ్ అనే భాగం ఉంది. అక్కడి కణాల డెండ్రైట్లకు చిన్న చిన్న ముళ్ళ వంటివి ఉంటాయి. ఆ ముళ్ళ మీద, డెండ్రైట్ల మీద గ్రాహకాలు దండిగా ఉంటాయి. ‘కదులు’ అనే కణాల మీద ముఖ్యంగా డి1 ఉంటుంది. డోపమిన్ వాటిని ప్రోత్సహిస్తుంది. ‘ఆగు’ అనే కణాల మీద ముఖ్యంగా డి2 ఉంటుంది. డోపమిన్ వాటిని అణచుతుంది. చెవి ఒకటే, తాళాలు వేరు. రెండింటి ఫలితమూ ఒకటే: కదలిక సులువవుతుంది.

మరో వింత! డోపమిన్‌ను విడుదల చేసే కణాల మీద కూడా డి2 గ్రాహకాలుంటాయి. నీళ్ళ ట్యాంకు నిండగానే తేలే బంతి కుళాయిని మూసేసినట్లు, డోపమిన్ ఎక్కువైతే ఇవి విడుదలను తగ్గిస్తాయి. ఇంకొన్ని గ్రాహకాలు నాడీసంధికి దూరంగా ఉంటాయి. కాలువ నీటి తడి గట్టు మీది చెట్లకూ చేరినట్లు, డోపమిన్ వ్యాపించి వాటినీ చేరుతుంది.

స్ట్రయేటమ్‌కు డోపమిన్ పంపే కణాలు నడిమి మెదడులోని ‘సబ్‌స్టాన్షియా నైగ్రా’ అనే నల్లని పట్టీలో ఉన్నాయి. పార్కిన్‌సన్ వ్యాధిలో ఈ కణాలే చనిపోతాయి. చేతులు వణుకుతాయి, అడుగులు చిన్నవవుతాయి. కాని తాళాలు స్ట్రయేటమ్ కణాల మీద కదా ఉన్నది! అవి మిగిలే ఉంటాయి. పోయింది తాళంచెవులే. డోపమిన్ నేరుగా రక్తం నుంచి మెదడులోకి దూరలేదు, ఎల్-డోపా దూరగలదు. అందుకే 1961లో వియన్నాలో రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. నేటికీ ఈ వ్యాధికి ముఖ్యమైన మందు అదే. అయితే అది కణాల చావును ఆపలేదు.

అలాగని గింజలు నోట్లో వేసుకోకండి! డోపమిన్ గ్రాహకాలు మెదడు కాండంలో వాంతిని పుట్టించే చోట కూడా ఉన్నాయి. రక్తంలోని డోపమిన్ అక్కడికి సులువుగా చేరి కడుపులో తిప్పిస్తుంది. అందుకే వైద్యులు ఎల్-డోపాతో పాటు, అది మెదడు బయటే డోపమిన్‌గా మారకుండా ఆపే మందును కలిపి, కొలిచి ఇస్తారు.

మీ ఇంట్లో తాతకో అవ్వకో చెయ్యి వణుకుతుంటే, అడుగు తడబడుతుంటే, ‘ముసలితనంలే’ అని వదిలెయ్యకండి. వైద్యుడికి చూపించమని పెద్దలతో చెప్పండి. వణుకుకు కారణాలు ఎన్నో ఉంటాయి. ఒకవేళ అది పార్కిన్‌సన్ అయితే, తాళాలు ఇంకా అక్కడే ఉన్నాయని మీకు ఇప్పుడు తెలుసు.