మాత్రకు గంజి తొడుగు

నూలుబట్టలకు గంజి పెట్టడం మీరు చూసే ఉంటారు. గంజి ఆరాక పోగుల మీద పలుచని పొర ఏర్పడి బట్ట బిరుసెక్కుతుంది. పిండిపదార్థానికి ఉన్న ఈ గుణమే మందుబిళ్ళల తయారీలోనూ ఉపయోగపడుతోంది.

మాత్రకు పూత ఎందుకు? మందు చేదు నాలుకకు తగలకుండా, గాలిలోని తేమ సోకకుండా, మాత్ర అంచులు రాలిపోకుండా ఉండటానికి. పూర్వం చక్కెర పూత వేసేవారు. దానివల్ల మాత్ర బరువు బాగా పెరిగేది. పని పూర్తికావడానికి కొన్ని రోజులు కూడా పట్టేది. 1954లో అబ్బాట్ సంస్థ పలుచని పాలిమర్ పొర తొడిగిన మాత్రను మార్కెట్లోకి తెచ్చింది. ఇటువంటి పొర వల్ల మాత్ర బరువు సాధారణంగా 2-3 శాతమే పెరుగుతుంది. అయితే పాలిమర్లను కరిగించడానికి మొదట్లో వాడిన సేంద్రియ ద్రావణులు సులభంగా మండేవి, ఆరోగ్యానికి హానిచేసేవి. అందుకే నీటితోనే పూత వేయగల పదార్థాలపై దృష్టి మళ్ళింది. వాటిలో పిండిపదార్థం ఒకటి.

పిండిపదార్థంలో రెండు రకాల అణువులుంటాయి. రెండూ గ్లూకోజ్ గొలుసులే. అమైలోజ్ దాదాపు కొమ్మలు లేని గొలుసు; అమైలోపెక్టిన్ చెట్టులా కొమ్మలు వేసినది. పిండిని నీటిలో ఉడికిస్తే రేణువులు ఉబ్బి, అమైలోజ్ బయటకు వస్తుంది. నీరు ఆరేకొద్దీ దాని గొలుసులు పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో ముడిపడి గట్టి పొరగా మారతాయి.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆ బంధాలు మరీ ఎక్కువైతే పొర పెళుసుబారుతుంది. చల్లారిన గంజి గడ్డకట్టేది కూడా ఇందువల్లే. గడ్డకట్టే ద్రవాన్ని మాత్రలపై తుంపరలుగా చల్లడం ఎలా? అందుకని గొలుసులకు అక్కడక్కడా హైడ్రాక్సీప్రొపైల్ సమూహాలను తగిలిస్తారు. అవి గొలుసులను మరీ దగ్గరకు చేరనివ్వవు. గ్లిసరాల్ వంటివి కలిపితే పొరకు సాగే గుణం వస్తుంది. ఈ ద్రవాన్ని, గుండ్రంగా తిరిగే పాత్రలో దొర్లుతున్న మాత్రలపై చల్లుతూ వేడిగాలితో ఆరబెడతారు.

అమైలోజ్‌కు మరో విశేషముంది. తగిన విధంగా తయారుచేసిన అమైలోజ్ పొరను చిన్నపేగులోని ఎంజైములు తేలికగా జీర్ణం చేయలేవు; పెద్దపేగులోని బాక్టీరియా చేయగలవు. అయితే అమైలోజ్ నీటిలో ఉబ్బుతుంది కనుక దానికి ఇథైల్ సెల్యులోజ్ కలిపి, మందును నేరుగా పెద్దపేగులోనే విడుదల చేసే పూతలను శాస్త్రజ్ఞులు 1990లలో పరీక్షించారు.

చూశారా, పూత కేవలం అలంకారం కాదు. కొన్ని మాత్రల్లో మందు ఎక్కడ, ఎప్పుడు విడుదల కావాలో అదే నిర్ణయిస్తుంది. అటువంటి మాత్రను నూరితే ఆ ఏర్పాటంతా వృథా అవుతుంది, ఒక్కోసారి ప్రమాదమూ కలగవచ్చు. ఇంట్లో ఎవరైనా మింగలేక మాత్రను పొడిచేయబోతే, ముందుగా డాక్టరునో ఫార్మసిస్టునో అడగమని చెప్పండి.