గేర్‌బాక్స్ పోయిందంటే మొత్తం మార్చాల్సిందేనా?

సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లందరికీ ఉండే భయం ఒకటే. డ్రైవ్‌లో పెడితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. మెకానిక్ చూసి "గేర్‌బాక్స్ మొత్తం మార్చాలండీ" అంటాడు. ఆ ఖర్చు వింటే కారే అమ్మేద్దామనిపిస్తుంది. కానీ తొందరపడొద్దు. ప్రోగ్రామ్ క్రాష్ అయితే లాగ్ చూడకుండా ప్రాజెక్ట్ మొత్తం డిలీట్ చేయం కదా!

టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్స్‌కి ఆయిలే ప్రాణం. ఇంజిన్ శక్తిని ముందుకు అందించేదీ, లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేదీ అదే. అందుకే ముందు ఆయిల్ చూడాలి. తగ్గితే ప్రెషర్ చాలక గేర్లు జారతాయి. అప్పుడు లీకు ఎక్కడో పట్టుకుని సీల్ మారిస్తే సరిపోవచ్చు. నల్లబడి మాడు వాసన వస్తుంటే మాత్రం క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే.

తర్వాత ఓబీడీ స్కానర్ పెట్టాలి. పీ0700 అని వస్తే అది జబ్బు పేరు కాదు. "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉంది, అది చదువు" అని చెప్పడం మాత్రమే. బండి ఒకే గేరులో ఇరుక్కుపోతే లింప్ మోడ్ కావచ్చు. పాడైన సోలనాయిడ్, తెగిన వైరు కూడా ఆ పని చేస్తాయి. వీటికి గేర్‌బాక్స్ మార్చక్కర్లేదు.

చివరగా ఆయిల్ పాన్ విప్పాలి. అందులోని అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పొడి అంటుకోవడం మామూలే. లోహపు ముక్కలు కనిపిస్తే ఇక గేర్‌బాక్స్ దించాల్సిందే.

అందుకే డబ్బులు ఇచ్చేముందు రెండే ప్రశ్నలు అడగండి: "ఆయిల్ ఎలా ఉంది? ఏ కోడ్ వచ్చింది?" జవాబు రాకపోతే ఇంకో గ్యారేజీలో చూపించండి.