తొంభై ఏళ్ల సోనార్‌ను ఇవాళ కొనవచ్చా?

1920ల మొదట్లో ఇంటి లోపల ఫొటో తీయడమంటే పెద్ద ప్రహసనమే. ఫిల్ములకూ గాజు ప్లేట్లకూ కాంతిని పట్టే శక్తి తక్కువ. మెగ్నీషియం పొడిని భగ్గుమని మండించాలి, లేదా ఎదురుగా కూర్చున్న మనిషి కదలకుండా బిగుసుకుపోవాలి. ఆ రోజుల్లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో, ఎర్నెమాన్ కంపెనీలో ఇరవై మూడేళ్లయినా నిండని లుడ్విగ్ బెర్టెలే అనే యువకుడు ఎఫ్/2 లెన్స్‌కు రూపమిచ్చాడు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ కాంతిని పడుతుంది). దాని పేరు ఎర్నోస్టార్. 1924లో అది ఎర్మనాక్స్ అనే చిన్న ప్లేటు కెమెరాతో బజారుకు వచ్చింది, ఆ తరువాత ఎఫ్/1.8కి ఎదిగింది. ఎరిక్ సాలమన్ అనే పాత్రికేయుడు ఆ కెమెరాతోనే బెర్లిన్ కోర్టు గదుల్లో, దేశాధినేతల సమావేశాల్లో ఫ్లాష్ వెలిగించకుండా ఫొటోలు తీశాడు.

ఇవాళ పాత కెమెరా లెన్సుల కోసం వెతికేవాళ్లు తప్పక ఎదుర్కొనే పేరు సోనార్ 50 మి.మీ. ఎఫ్/1.5. అది ఈ ఎర్నోస్టార్‌కు వారసురాలు. దాన్ని కొనాలా వద్దా అన్నది తేలాలంటే అది ఏ చిక్కు విప్పడానికి పుట్టిందో ముందు తెలియాలి. దాని గొప్పతనమూ దాని లోపాలూ ఆ చిక్కులోనే ఉన్నాయి.

1926లో ఎర్నెమాన్ మరికొన్ని కంపెనీలతో కలిసి జైస్ ఐకాన్ అయింది. అప్పటికి ఏడాది ముందే లైకా కెమెరా వచ్చి 35 మి.మీ. ఫిల్ముకు ఆదరణ తెచ్చింది. దాని ఎల్మార్ లెన్స్ ఎఫ్/3.5. పోటీగా జైస్ ఐకాన్ 1932లో కాంటాక్స్ కెమెరాను తెచ్చింది. దానికోసం బెర్టెలే రూపొందించిన సోనార్ ఎఫ్/1.5, ఎల్మార్ కంటే అయిదు రెట్లకు పైగా కాంతిని ఫిల్ము మీదకు పంపేది.

ఇది ఎలా సాధ్యమైంది? లెన్స్ నోరు పెద్దదయ్యేకొద్దీ కిరణాలు దారి తప్పుతాయి. వాటిని సరిదిద్దడానికి మరిన్ని గాజు ముక్కలు చేర్చాలి. కానీ గాలి నుంచి గాజులోకి, గాజు నుంచి గాలిలోకి కాంతి మారే ప్రతి ఉపరితలం దగ్గరా నాలుగైదు శాతం కాంతి వెనక్కి పరావర్తనం చెందుతుంది. పోయిన కాంతి పోగా, మిగతాది లెన్స్ లోపలే అటూ ఇటూ కొట్టుకుని, నల్లగా ఉండాల్సిన నీడల మీద తెల్లటి తెరలా పరుచుకుంటుంది. పరావర్తనాన్ని తగ్గించే పూతను జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టింది 1935లో. సోనార్ పుట్టేనాటికి అది లేదు.

బెర్టెలే ఉపాయం సూటిగా ఉంది. ముక్కల మధ్య గాలి సందు ఉండాల్సిన చోట తక్కువ వక్రీభవన గుణకం ఉన్న గాజును నింపి, మొత్తాన్ని అతికించేశాడు. ముందు ఒక విడి ముక్క, తరువాత మూడు ముక్కల అతుకు, వెనక మరో మూడు ముక్కల అతుకు. ఏడు ముక్కలున్నా గాలి తగిలే ఉపరితలాలు ఆరే. ఒక్కోచోట నాలుగు శాతం నష్టమనుకుంటే ఆరు ఉపరితలాలు దాటి 78 శాతం కాంతి బయటపడుతుంది. 1936లో లైకాకు వచ్చిన జెనాన్ ఎఫ్/1.5లోనూ ఏడు ముక్కలే. కానీ అవి అయిదు గుంపులు, అంటే పది ఉపరితలాలు. అదే లెక్కన అక్కడ దక్కేది 66 శాతం. కంప్యూటర్లు లేని కాలంలో, ఒక్కో కిరణం దారినీ చేతి లెక్కలతో వెంటాడి సాధించిన ఫలితమిది.

ఇంత పెద్ద నోటి లెన్స్‌కు ఫోకస్ ప్రాణం. ఎఫ్/1.5 దగ్గర, మీటరు దూరంలో స్పష్టంగా కనిపించే లోతు మూడున్నర సెంటీమీటర్లే. కంటికి ఫోకస్ చేస్తే చెవి మసకబారుతుంది. దూరాన్ని కచ్చితంగా కొలిచే రేంజ్‌ఫైండర్ లేకుంటే ఈ లెన్స్ వృథా. రెండు కిటికీల నుంచి చూసిన రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేదాకా తిప్పితే ఫోకస్ కుదిరినట్టు. 1936లో వచ్చిన కాంటాక్స్ 2లో ఫ్రేము చూసుకోవడం, దూరం కొలవడం ఒకే కిటికీలో జరిగాయి. 1944 జూన్ 6న, మిత్రసేనలు దిగిన నార్మండీ తీరంలో యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా వాడింది కాంటాక్స్ 2నే.

యుద్ధం సోనార్ వంశాన్ని దేశదేశాలకు పంచింది. జైస్ లెన్సులు తయారయ్యే యెనా నగరం సోవియట్ అధీనంలోకి వెళ్లింది. జైస్ నిపుణుల్లో కొందరిని అమెరికన్లు పశ్చిమానికి తరలించారు. వాళ్లు ఓబర్‌కోఖెన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. కాంటాక్స్ తయారీ యంత్రాలు సోవియట్ యూనియన్‌కు తరలాయి, కాంటాక్స్ అక్కడ కీవ్ కెమెరాగా మారింది. సోనార్ ఎఫ్/1.5 జూపిటర్-3 అయింది, ఎఫ్/2 జూపిటర్-8 అయింది. జపాన్‌లో నికాన్, కానన్ కూడా ఈ నమూనానే అందుకున్నాయి. 1950లో టోక్యోలో ఉన్న లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్, జున్ మికి అనే జపాన్ ఫొటోగ్రాఫర్ నిక్కోర్ లెన్స్‌తో తీసిన తన ఫొటో చూసి ఆశ్చర్యపోయాడు. కొద్ది రోజులకే కొరియా యుద్ధం మొదలైంది. ఆయన నిక్కోర్ లెన్సులతోనే అక్కడికి వెళ్లాడు. జపాన్ లెన్సులకు ప్రపంచంలో పేరు అలా వచ్చింది.

సోనార్‌ను వెనక్కి నెట్టింది రెండు మార్పులు. పూతలు మామూలైపోయాక ఉపరితలాలు ఎక్కువైనా నష్టం లేదు. జెనాన్ లాంటి, ఇంకా చక్కగా దిద్దిన గాస్ తరహా లెన్సులు ముందుకొచ్చాయి. రెండోది, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ లాంటి ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు. వాటిలో ఫిల్ము ముందు అద్దం కదలడానికి చోటు కావాలి. సోనార్ 50 మి.మీ. వెనక గాజు ఫిల్ముకు దగ్గరగా కూర్చునే రకం, అక్కడ ఇమడదు. అద్దం లేని మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ అడ్డు తొలగి, దానికి మళ్లీ గిరాకీ పెరిగింది.

ఇక లోపం సంగతి. ఉపరితలాలు తగ్గించడం వల్ల దిద్దుబాటుకు అవకాశమూ తగ్గింది. అంచు నుంచి వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలవవు. దీన్నే గోళీయ విపథనం అంటారు. పూర్తిగా తెరిచి తీస్తే ముఖాల మీద మెత్తని మెరుపు కనిపించేది, వెనక దృశ్యం కరిగినట్టు అనిపించేది అందుకే. అపెర్చర్ (లెన్స్ నోరు) తగ్గించేకొద్దీ అంచు కిరణాలు ఆగిపోయి అసలు ఫోకస్ కాస్త వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్‌కు ఈ సంగతి తెలియదు. ఎఫ్/1.5కు సరిచేసిన లెన్స్ ఎఫ్/2.8 దగ్గర గురి తప్పవచ్చు.

కొనేవాళ్లు గమనించాల్సిన మరో రెండు సంగతులున్నాయి. లైకా రేంజ్‌ఫైండర్ 51.6 మి.మీ. ప్రమాణానికి కట్టింది, సోవియట్ జూపిటర్లు 52.4 మి.మీ. ప్రమాణానికి. మర సరిగ్గా కూర్చున్నా దగ్గరి దూరాల్లో తేడా వస్తుంది. మిర్రర్‌లెస్ కెమెరాలో ఫోకస్ నేరుగా సెన్సార్ మీదే చూస్తారు కాబట్టి ఈ తేడా, పైన చెప్పిన ఫోకస్ జరగడం రెండూ ఇబ్బంది పెట్టవు. పైగా కాంటాక్స్ 50 మి.మీ. లెన్సులో ఫోకస్ తిప్పే మర ఉండదు, అది కెమెరాలోనే ఉంటుంది. అందుకని మర ఉన్న అడాప్టరే తీసుకోవాలి, దాని ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

లెన్స్ చేతికి రాగానే వెనక నుంచి టార్చి వేసి చూడాలి. పలచటి పొగలాంటి పొర శుభ్రం చేస్తే పోవచ్చు. వేళ్లలా పాకిన బూజు అయితే పూతను తినేసి ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల తేమలో అది ఇంకా పెరుగుతుంది కనుక సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచాలి. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల మరకలు కనబడితే అతుకు విడుతున్నట్టు. సోనార్‌కు అతుకులే ఆయువు కాబట్టి అలాంటిది వదిలేయడం మేలు. అసలైన సోనార్ పేరు చెక్కిన సోవియట్ లెన్సులూ బజారులో తిరుగుతున్నాయి, పేరు చూసి ధర పెట్టకూడదు.

చీకట్లో నిక్కచ్చిగా పనిచేసే సాధనం కావాలనుకునేవారికి ఇవాళ తయారయ్యే ఎఫ్/1.8 లెన్స్ ఇంతకంటే నయం. ఎఫ్/1.5కూ ఎఫ్/1.8కూ మధ్య కాంతి తేడా ఒక స్టాప్ (అంటే రెట్టింపు) కూడా లేదు, నేటి సెన్సార్లకు అది లెక్కలోనిది కాదు. మిర్రర్‌లెస్ కెమెరా చేతిలో ఉండి, మనుషుల ముఖాలు తీయడం ఇష్టమై, ఆ పాత మెరుపే కావాలనుకునేవారు మాత్రం గాజు శుభ్రంగా ఉన్న సోనార్‌నో జూపిటర్-3నో నిస్సందేహంగా కొనవచ్చు. ఇంకా తేల్చుకోలేనివారు ముందు జూపిటర్-8 తీసుకుని కొన్నాళ్లు వాడి చూడాలి. అదే వంశం, ధర తక్కువ.