‘ఫర్వాలేదు’ అంటే ఎంత? వెన్నెముక శస్త్రచికిత్స ఫలితాన్ని కొలిచే తీరు

ఇందిరాపురం (గాజియాబాద్): ఢిల్లీ తూర్పు సరిహద్దు దాటగానే, తొమ్మిదో నంబరు జాతీయ రహదారి పక్కన బహుళ అంతస్తుల భవనాలతో విస్తరించిన ప్రాంతం ఇందిరాపురం. ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. నడుము వద్ద డిస్క్ జారి నరంపై ఒత్తిడి పడటంతో తల్లికి శస్త్రచికిత్స జరిగింది. ఆరు వారాల తర్వాత కుమారుడు ఆమెను వైద్యుని వద్దకు తీసుకువెళ్లాడు. ‘ఇప్పుడు ఎలా ఉంది?’ అని వైద్యుడు హిందీలో అడిగాడు. ‘ఫర్వాలేదు నాయనా’ అన్నది తల్లి. ‘ఠీక్ హై’ అని కుమారుడు చెప్పాడు. చీటీ మీద ఒక ముక్క రాసుకోవడంతో సంప్రదింపు ముగిసింది.

ఆ ‘ఫర్వాలేదు’కు అర్థాలు అనేకం. కాలి లాగుడు పోయింది కాని నడుము సలుపు మిగిలిందని కావచ్చు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు కాని కొడుకును ఇంకా కష్టపెట్టడం ఇష్టం లేదని కావచ్చు. ఫిజియోథెరపీ కొనసాగించాలా, మందులు తగ్గించాలా, మరోసారి పరీక్షలు అవసరమా అన్న నిర్ణయాలన్నీ ఆ జవాబు మీదనే ఆధారపడి ఉంటాయి. అందుకే ఆ ఒక్క మాటను విడదీసి అంకెల్లోకి తెచ్చే పద్ధతులను వైద్యశాస్త్రం రూపొందించుకుంది.

ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ చిత్రాలు ఉండగా ప్రశ్నలెందుకన్న సందేహం సహజం. చిత్రానికి, బాధకు మధ్య బంధం అంత గట్టిది కాదు. నొప్పి లేని 3,110 మంది చిత్రాలపై జరిగిన అధ్యయనాలను 2015లో క్రోడీకరించగా, 20 ఏళ్ల వారిలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. 80 ఏళ్ల వారిలో అది 96 శాతం. అంటే అరిగిన డిస్క్ కనిపించినంత మాత్రాన బాధ ఉన్నట్టు కాదు. అదే విధంగా, వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్సలో ఎముక చక్కగా అతుక్కున్నట్టు ఎక్స్‌రే చూపినా, రోగి పది నిమిషాలు నిలబడలేని సందర్భాలున్నాయి.

ఫలితాన్ని రోగి జీవితంలోనే వెతకాలన్న ఆలోచన పాతదే. బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ ప్రతి రోగి తుది ఫలితాన్నీ నమోదు చేసి బహిరంగపరచాలని వాదించాడు. తన సొంత ఆసుపత్రి నుంచి 1911-16 మధ్య ఇంటికి వెళ్లిన 337 మంది రోగుల విషయంలో జరిగిన 123 పొరపాట్లను తానే ప్రచురించాడు. సహవైద్యులు దీన్ని హర్షించలేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

వెన్నెముకకు సంబంధించి నేడు విస్తృతంగా వాడుతున్న కొలమానం ఇంగ్లండ్‌లోని ఆస్వెస్ట్రీ పట్టణంలో పుట్టింది. అక్కడి ఆర్థోపెడిక్ ఆసుపత్రిలో 1976లో మొదలైన ప్రయత్నాన్ని జెరెమీ ఫెయిర్‌బ్యాంక్, సహచరులు 1980లో ప్రచురించారు. ఆస్వెస్ట్రీ వైకల్య సూచికగా పేరొందిన ఈ ప్రశ్నావళిలో పది విభాగాలున్నాయి. నొప్పి తీవ్రత, సొంత పనులు, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్య జీవితం, సామాజిక జీవితం, ప్రయాణం. ప్రతి విభాగానికీ 0 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 50కి వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే శాతం వస్తుంది. 20 వరకు స్వల్ప వైకల్యం, 40 వరకు మధ్యస్థం, 60 వరకు తీవ్రం. పరీక్ష మార్కులకు అలవాటుపడిన మనకు ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ లెక్కలో ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ బాధ అని అర్థం.

శస్త్రచికిత్సకు ముందు 50కి 28 వచ్చిన రోగి స్కోరు 56. ఆరు నెలల తర్వాత 12 వస్తే స్కోరు 24కు దిగినట్టు. ఈ 32 పాయింట్ల తగ్గుదలే అసలు సమాచారం. తర్వాతి 24 ఒక్కటే చేతిలో ఉంటే అది మెరుగుదలో, యథాస్థితో తేల్చలేం. ముందు స్కోరు తీసుకోకపోతే తర్వాత ఎంత శ్రద్ధగా కొలిచినా ప్రయోజనం స్వల్పం. ఆపరేషన్ హడావుడిలో చేజారిపోయే కాగితం కూడా సాధారణంగా అదే.

తగ్గుదల ఎంత ఉంటే రోగికి తేడా తెలుస్తుంది? ఈ సూచికలో కనీసం 10 పాయింట్లు అని అంతర్జాతీయ నిపుణులు 2008లో సూచించారు. మరికొందరు ఇంకొంచెం ఎక్కువ అంటారు. 56 నుంచి 50కి దిగడం కాగితం మీద తగ్గుదలే, మంచం మీద నుంచి లేచేటప్పుడు మాత్రం కాదు.

దాంపత్య జీవితానికి సంబంధించిన ఎనిమిదో విభాగం దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది. పక్కన కొడుకో కూతురో కూర్చుని ఉంటే ఇక చెప్పనక్కరలేదు. దీనికి సూచికలోనే వెసులుబాటు ఉంది. ఒక విభాగాన్ని వదిలేస్తే మొత్తాన్ని 50కి బదులు 45గా తీసుకోవాలి. 45కు 27 వస్తే స్కోరు 60. ఖాళీని సున్నాగా భావించి 50తో భాగిస్తే 54 వస్తుంది. రోగి సిగ్గుపడినందుకు బాధ ఆరు పాయింట్లు తగ్గినట్టు నమోదవుతుంది.

భాష మారినప్పుడు చిక్కులు మరింత పెరుగుతాయి. మూలంలోని ప్రశ్నలు కుర్చీలో ఎంతసేపు కూర్చోగలరని, ఎన్ని మైళ్లు నడవగలరని అడుగుతాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, పీట మీద కూర్చుని కూరలు తరగడం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి వాడటం వాటిలో కనిపించవు. మెడ వద్ద వెన్నుపాము నలిగిన వారికి వాడే జపాన్ ఆర్థోపెడిక్ అసోసియేషన్ స్కోరులో చేతి పనితనాన్ని చాప్‌స్టిక్‌లతో తినగలగడాన్ని బట్టి అంచనా వేసేవారు. పాశ్చాత్య దేశాలకు వెళ్లాక వాటి స్థానంలో చెంచా వచ్చింది. పప్పన్నం కలిపి ముద్ద చేసుకోవడానికి ఎంత వేలి నేర్పు కావాలో అందులో ఉండదు.

అందువల్ల ప్రశ్నావళిని నిఘంటువు పక్కన పెట్టుకుని అనువదిస్తే సరిపోదు. 2000లో ప్రచురితమైన మార్గదర్శకాల ప్రకారం ఇద్దరు విడివిడిగా అనువదించాలి. రెండింటినీ సమన్వయం చేశాక, మూలాన్ని చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చాలి. నిపుణుల సంఘం తేడాలను పరిష్కరించాక 30 నుంచి 40 మందితో నింపించి, వారికి ఏమి అర్థమైందో అడగాలి. తెలుగులో అయితే ‘నొప్పి’ అన్న ఒక్క మాట దగ్గరే ఆగవలసి వస్తుంది. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. ఒక ప్రాంతంలో కాలు ‘లాగుతుంది’, మరో ప్రాంతంలో ‘గుంజుతుంది’. నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే బాధను కండరాల బాధ నుంచి వేరు చేయడానికి వైద్యునికి ఈ మాటలే తొలి ఆధారం. ‘ఠీక్ హై’లో అవన్నీ కరిగిపోతాయి.

నడుము నొప్పికి, కాలి నొప్పికి 0 నుంచి 10 వరకు విడివిడిగా అంకెలు అడగడంలోనూ ఇదే తర్కం. జారిన డిస్క్ భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స ప్రధానంగా కాలి బాధను తీర్చడానికి ఉద్దేశించినది. కాలి నొప్పి 8 నుంచి 2కు దిగి, నడుము నొప్పి 5 దగ్గరే నిలిచిన వ్యక్తి ‘ఏమీ తగ్గలేదు’ అనవచ్చు. ఆపరేషన్ మాత్రం అనుకున్న పని చేసినట్టే. ఈ తేడాను ముందే చెప్పని చోట తర్వాత నిరాశ తప్పదు.

ఎవరిని కొలిచారన్నది మరో ప్రశ్న. ఢిల్లీలో ఆపరేషన్ చేయించుకుని స్వగ్రామానికి వెళ్లిపోయిన వ్యక్తి ఏడాది తర్వాత తిరిగి రాకపోవచ్చు. ఆయన కోలుకున్నాడో, విసిగి మరో వైద్యుణ్ణి ఆశ్రయించాడో ఆసుపత్రికి తెలియదు. వచ్చిన వారిని మాత్రమే లెక్కిస్తే విజయశాతం నమ్మదగినది కాదు. 1990ల ఆరంభం నుంచి నడుస్తున్న స్వీడన్ జాతీయ వెన్నెముక రిజిస్ట్రీ దీనికొక మార్గం చూపింది. ప్రశ్నావళిని శస్త్రవైద్యుని ప్రమేయం లేకుండా నేరుగా రోగికే పంపుతారు.

ఆపరేషన్ లేకపోయినా తగ్గేదేమో అన్న ప్రశ్నకు జవాబు ఇంకా కష్టం. అమెరికాలో 13 కేంద్రాల్లో 501 మంది డిస్క్ రోగులను చీటీ వేసినట్టుగా రెండు వర్గాలుగా విభజించిన ‘స్పోర్ట్’ పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. శస్త్రచికిత్స వర్గంలో మూడు నెలల్లో దాన్ని చేయించుకున్నవారు సగం మందే. వద్దన్న వర్గంలో 30 శాతం మంది చేయించుకున్నారు. రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి. వర్గాలు కలిసిపోవడం వల్ల శస్త్రచికిత్స ఆధిక్యం ఎంతన్నది తేల్చడం కష్టమైంది.

కుటుంబాలు చేయగలిగిన పని చిన్నదే. ఆపరేషన్‌కు ముందు నింపిన ప్రశ్నావళి ప్రతిని అడిగి భద్రపరచుకోవచ్చు. తర్వాత దాన్ని తల్లి చేతే నింపించవచ్చు. చదవలేకపోతే ప్రశ్నను ఉన్నదున్నట్టు వినిపించి, ఆమె మాటనే రాయవచ్చు. మూత్రంపై అదుపు తప్పడం, కాలు కొత్తగా బలహీనపడటం వంటివి మాత్రం ప్రశ్నావళి కోసం ఆగవలసినవి కావు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నడక గురించిన ప్రశ్నకు మైళ్లు తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఇందిరాపురంలోని స్వర్ణ జయంతి పార్కులో బెంచీ మీద కూలబడే ముందు నెల క్రితం ఎంత దూరం నడిచారో, ఇప్పుడు ఎంత నడుస్తున్నారో ఆమెకు తెలుసు.