కూల్‌డ్రింకు మానాలంటే ముందు నీళ్ళు తాగబుద్ధవ్వాలి

ఉద్దానం జీడితోటల్లో ఎండాకాలం పనంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ సీసాలో తెచ్చుకున్న నీళ్ళు పది గంటలకే వేడెక్కిపోతాయి, తాగబుద్ధి కాదు. దాంతో కుర్రాళ్ళు బడ్డీకొట్టుకెళ్ళి కూల్‌డ్రింకు తాగేస్తారు. 250 మి.లీ. సీసాలో సుమారు 25 గ్రాముల పంచదార ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు.

కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల వైపు కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ నీళ్ళు తాగకుండా ఎండలో పనిచేస్తే కిడ్నీలకి భారం. 2023 డిసెంబరులో ప్రారంభించిన సుజలధార పథకంలో హిరమండలం జలాశయం నీళ్ళని శుద్ధి చేసి ఉద్దానానికి పంపుతున్నారు. ఆ కుళాయి ఉన్నవాళ్ళు బోరు నీళ్ళు కాకుండా అవే కుండలో పోసుకోండి.

కుండ గోడలోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. అందుకే రంగులేసిన కుండ కొనకండి, చెమ్మ రాదు. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాయలసీమలో చల్లబడ్డంతగా ఇక్కడ చల్లబడదు. గాలి ఆడే నీడలో తడి ఇసక మీద పెట్టి, తడి గోనె చుట్టాలి. చుట్టే పద్ధతి వీడియోలో చూపించాను.

వాసనకి నాకు నచ్చింది వట్టివేరు. గుప్పెడు వేరు బాగా కడిగి, పల్చటి గుడ్డలో మూటకట్టి కుండలో వెయ్యండి. రెండు రోజులకి తీసి ఎండబెడితే మళ్ళీ వాడుకోవచ్చు. తులసి, పుదీనా అయితే ఏ పూటకాపూట వేసుకోవాలి. నిమ్మచెక్క ఎక్కువసేపు నానితే చేదెక్కుతుంది.

ఆకు మన పెరట్లోదైతే పురుగుమందు భయం లేదు. కానీ జీవామృతం చల్లామని మర్చిపోవద్దు! పేడ, మూత్రం పడిన ఆకుని పచ్చిగా నానబెడుతున్నాం. చల్లని మొక్క ఒకటి విడిగా పెంచుకోండి, దాన్ని కూడా కడిగే వాడండి.

విజయనగరం వైపు మజ్జిగ కలిపిన చోడి అంబలి ఉండనే ఉంది. కాస్త ఉప్పేస్తే చెమటలో పోయినది తిరిగొస్తుంది.

ఒక మాట. వట్టివేరు వాసన ఇస్తుందంతే, నీటిని శుద్ధి చెయ్యదు. చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి కిందికి దిగుతుంది గానీ కరిగిన ఉప్పులు పోవు, కాచినా పోవు. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళుంటే నీళ్ళు ఎన్ని తాగాలో, కొబ్బరినీళ్ళు, నిమ్మరసం, ఉప్పేసిన అంబలి పడతాయో లేదో డాక్టరుగారినే అడగండి.