పొరుగు పుస్తకములోని గడి

చేతివ్రాత లెడ్జరులకు బదులుగా వచ్చిన ఎక్సెల్ పట్టిక నేడు కార్యాలయములందేగాక ఇండ్లలోను ప్రవేశించినది. అందులో ప్రతి గడికిని ఒక చిరునామా కలదు. 'బి' వరుసలో నాల్గవ గడి 'బి 4'. దానికి 'రేటు' అని పేరు కూడ పెట్టవచ్చును. పైన ఒక వరుస క్రొత్తగా చేర్చినచో గడి క్రిందికి జరుగును. పేరు దానివెంటనే పోవును. కాని మాక్రోలో, అనగా యంత్రమునకు ముందుగా వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుసలో, 'బి 4' అని యున్నచో అది మారదు. పట్టికలోని సూత్రములను ఎక్సెల్ తానే సవరించును గాని, 1993లో దానికి చేరిన వి.బి.ఏ. భాషలోని ఆజ్ఞలను సవరింపదు. కనుక మాక్రో వ్రాయువారికి పేరే ఆధారము.

రెండు పుస్తకములు తెరచినప్పుడే చిక్కు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరువుభత్యము సాధారణముగా జనవరి, జూలై నెలలనుండి సవరింపబడును. రేట్లు ఒక వర్క్‌బుక్‌లోను, జీతములు వేరొకదానిలోను ఉన్నవనుకొందము. జీతముల పుస్తకములోను 'రేటు' అను పాతపేరొకటి ఎవరో తీసివేయక మరచినారు. సాధారణ మాడ్యూలులోని మాక్రో ఒట్టి 'రేంజ్' పదముతో ఆ పేరును పిలిచినచో, ఆ క్షణమున ముందున్న పుస్తకములోనే వెదకును. అది జీతముల పుస్తకమైనచో పాతరేటే దొరకును. పేరే లేకున్నచో 1004 అను దోషసంఖ్య చూపి ఆగును, అది మేలు. పేరుండి విలువ తప్పినప్పుడు హెచ్చరిక యుండదు. బకాయిలు తక్కువగా చెల్లించిన పిమ్మట, ఎవరో కూడిక వేసి చూచుకొన్నప్పుడుగాని బయటపడదు.

కావున పేరుతోబాటు ఇల్లును చెప్పవలెను. చుక్కలు, కుండలీకరణములు రేడియోలో వినిపించుట కష్టము గనుక ఇక్కడ వ్రాయుచున్నాము: వర్క్‌బుక్స్("ఫైలు పేరు").నేమ్స్("రేటు").రిఫర్స్‌టురేంజ్.వాల్యూ. పేరు గడికి గాక నేరుగా ఒక సంఖ్యకు పెట్టినదైనచో ఈ మార్గము పనిచేయదు.

మాక్రో తానున్న పుస్తకమునకు 'దిస్‌వర్క్‌బుక్' అనవలెను. 'యాక్టివ్‌వర్క్‌బుక్' అనగా ముందున్నది మాత్రమే. ఈ రెంటిని ఒకటిగా వాడుటయే పెక్కు తప్పులకు మూలమని మా అభిప్రాయము. ఏలనన క్రొత్తగా తెరచిన పుస్తకము తానే ముందునకు వచ్చును. క్షణము క్రిందట సరియైన ఆజ్ఞ ఇప్పుడు వేరొక పుస్తకమును తాకును.

మూసియున్న పుస్తకము 'వర్క్‌బుక్స్' జాబితాలో నుండదు. పిలిచినచో 9 అను దోషసంఖ్య వచ్చును. అందుచే మొదట 'ఓపెన్' ఆజ్ఞతో తెరచి, లభించిన పుస్తకమును 'సెట్' పదముతో ఒక చలరాశిలో నిలుపుకొనవలెను. అటుపై ఫైలు పేరు మాటిమాటికి వ్రాయ బనిలేదు.

మన భాషకు సంబంధించిన చిన్న ఇబ్బంది యొకటి కలదు. మాక్రో వ్రాయు కిటికీలో తెలుగు అక్షరములు ప్రశ్నార్థకములుగా మారును. కనుక మాక్రో పిలువవలసిన ఫైళ్ల పేర్లను, గడుల పేర్లను ఇంగ్లీషు అక్షరములతోనే యుంచుట అవసరము.