పడవలు రాని సీమలో పుస్తకము

1935వ సంవత్సరమున కృష్ణా డెల్టాలోని పెదవడ్లపూడి కాలువపై ఒక పడవ బయలుదేరెను. అందు ధాన్యపు బస్తాలు లేవు, పెండ్లివారును లేరు, ఉన్నవెల్ల పుస్తకములే. పాతూరి నాగభూషణముగారి పూనికతో వెలసిన ఆ పడవ గ్రంథాలయపు ముచ్చట విన్నప్పుడు కర్నూలు, కడప మండలములవాడు తొలుత సంతసించును, పిదప తన కాలువను తలచుకొని చిఱునవ్వు నవ్వును. మాకును కాలువ కలదు. సుంకేసులయొద్ద తుంగభద్రనుండి చీలి కర్నూలునుండి కడపవైపునకు పాఱు ఆ కె.సి. కాలువను పందొమ్మిదవ శతాబ్దిలో ఒక ఇంగ్లీషు కంపెనీ సేద్యమునకును పడవల రాకపోకలకును కలిపియే తలపెట్టెను; కాని అనుకొన్న లాభములు చేతికి రాక, తుదకు 1882లో కాలువ ప్రభుత్వపరమయ్యెను. పుస్తకము పడవనెక్కి వచ్చు యోగము ఈ సీమకు పట్టలేదు. ఇచట అది ఎప్పుడు వచ్చినను, ఎవరో ఒకరు చంకనిడుకొని, ఎండలో నడచి తెచ్చినదే.

అట్లు తెచ్చినవారిలో మొదట చెప్పదగినవాడు ఈ దేశపువాడు కాడు. 1798లో కలకత్తాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువులో 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, పన్నులు వసూలుచేయు కచేరీపనికి వలసినంత తెలుగు నేర్చికొని ఊరకుండినను అతనిని తప్పుపట్టువారు లేకపోయెడివారు. అతడు ఊరకుండలేదు. కడపలో బంగళా కొని, తోటలో పండితులకును లేఖకులకును ఠావు కల్పించి, వారికి తన జీతమునుండియే వేతనము లిచ్చుచు, అది చాలక అప్పులు చేయుచు, ఊరూరనుండి తాళపత్రములు తెప్పించి, ఒకే గ్రంథమునకు దొరకిన ప్రతులన్నియు ప్రక్కప్రక్కల పెట్టించి, పాఠములు సరిచూపించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు ఆ పనిలో అతనికి కుడిభుజములై నిలిచిరి. సామాన్యుల నాలుకలపై ఆడుచుండియు పండితులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను 1829లో అచ్చువేయించినవాడు ఇతడే. 1852లో వెలువడిన నిఘంటువు మాట అందఱెఱిగినదే. నిఘంటుకారుడని మనము అతనిని పొగడుదుము గాని, చెదలు తినివేయుచున్న ఆకుల కట్టలను వెదకి, వెలయిచ్చి, ప్రతి వ్రాయించి, భద్రపఱచిన ఆ పని, తెఱచి చూచిన, గ్రంథపాలకుని పనియే.

1884లో లండనులో అతడు కన్నుమూసెను. కడప ఎఱ్ఱముక్కపల్లెలోని అతని బంగళా కాలక్రమమున మొండిగోడలై మిగిలెను. ఆ గోడలలో గ్రంథాలయమును చూడగలిగినవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. రాయదుర్గమున పుట్టి, చదువు చెప్పుటయే వృత్తిగా కడపలో స్థిరపడిన ఆయన, బ్రౌను నివసించిన చోటనే అతని పేర గ్రంథాలయము నెలకొల్పవలెనని పట్టుపట్టి, చందాలకై గడపగడపకు తిరిగి, పుస్తకములడిగి, ఇచ్చినది చిన్నదైనను కన్నుల కద్దుకొని, ఏండ్ల తరబడి ఆ పనియే లోకముగా బ్రతికెను. జనులు ఆయనను 'బ్రౌను శాస్త్రి' యని పిలిచిరి. ఈ బిరుదు ఏ సభలో ఇచ్చినదియు కాదు, సంత వీథిలో పుట్టినది. అందుచేతనే నాకు మిక్కిలి యిష్టము. 2014లో శాస్త్రిగారు గతించిరి. ఆ గ్రంథాలయము నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమను పేర యోగి వేమన విశ్వవిద్యాలయపు సంరక్షణలో నున్నది. వేమనను అచ్చులోనికి తెచ్చినవాని యింటికి వేమన పేరిటి విద్యాలయమే కాపుండుట ఎవరును కోరి కూర్చిన సంగతి కాదు గదా!

గ్రంథాలయోద్యమమనగానే బెజవాడయే మన తలపునకు వచ్చును. 1914 ఏప్రిల్ 10వ తేదీన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది అచటనే. దానికి ప్రాణమైనవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అయితే ఆ యుద్యమపు పెద్దలలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో పుట్టినది మా కర్నూలులో. పత్రికలో వచ్చిన వ్రాతకై రాజద్రోహనేరముపై 1908లో చెఱకేగిన ఆ దేశభక్తుడు, పిమ్మట ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షుడై, వయోజన విద్యకై తన శేషజీవితమును ధారవోసెను. చదువురాని పెద్దవానికి అక్షరము నేర్పి, చేతికి పుస్తకమీయక విడిచినచో, ఆ అక్షరము ఏడాది తిరుగకముందే ఎండిపోవును. అందువలన ఆయనకు బడియు గ్రంథాలయమును ఒకే బండికి రెండు చక్రములు.

చట్టముల చరిత్ర క్లుప్తముగా చెప్పి ముందునకు పోవుదును. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన శాస్త్రమునకు అయిదు సూత్రములు కట్టెను. వానిలో ఒకటి ప్రతి పాఠకునికిని తగిన పుస్తకము నందింపుమనును, మఱియొకటి ప్రతి పుస్తకమునకును పాఠకుని వెదకుమనును. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చినది; రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రములోనిదే. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని క్రింద నడచుచున్నవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనము చెల్లించునది గ్రంథాలయ పన్ను. ఇల్లున్న ప్రతివాడును, తానెన్నడు గడప త్రొక్కకున్నను, ఊరి గ్రంథాలయమునకు చందాదారుడే యని కొందఱికి తెలియదు.

ఇక రంగనాథనుగారి ఆ రెండవ మాటయే, పాఠకుని వెదకుమన్నదే, అన్నిటికంటె కష్టమైనది. పుస్తకమునకు సంఖ్య వేసి, ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో తన స్థానమున నిలుపుట నేర్చికొనవచ్చును. వచ్చినవాని ముఖము చూచి, వీనికి ఏ పుస్తకము పట్టునో ఊహించుట ఏ పాఠ్యపుస్తకములోను లేదు. మా పల్లెల శాఖా గ్రంథాలయములకు వచ్చు వృద్ధులలో అనేకులు చదువుటకు రారు, వినుటకు వత్తురు. "వాన ఎప్పుడు పడ్తాదని రాసినారు సార్?" అని ఒక ముసలి రైతు అరుగుమీదనే చతికిలబడును. "కూర్చో పెద్దాయనా, చదివి చెప్తా" అనును గ్రంథపాలకుడు. పత్రికలో వాన ఉండదు. ఉన్నను ఆకాశములో ఉండదు. అయినను చదివి వినిపించును. పదిదినము లిట్లు గడచిన పిమ్మట, పెద్ద అక్షరముల వేమన పద్యముల పుస్తకమొకటి ఆ ముసలివాని ముందుంచును.

ఇందులో గొప్ప మర్మమున్నది. నూతనముగా చదువువానికి క్రొత్త విషయము భయము గొలుపును. ఎఱిగిన పద్యము చేయూతనిచ్చును. మొదటి పాదము కూడబలుకుకొనునప్పటికే రెండవ పాదము చెవిలో మ్రోగుచుండును. కన్ను తడబడినచోట జ్ఞాపకము దారి చూపును. తన తాత పాడగా విన్న పద్యము కాగితముపై నల్లగా నిలిచియుండుట చూచి, అక్షరములు తన యింటివే యని వానికి తోచును. బ్రహ్మంగారి కాలజ్ఞానమును నోట పలుకుచు పెరిగిన కడప మండలమున ఈ యుపాయము వమ్ముకాదు. బ్రౌను నాడు తాళపత్రమునుండి కాగితమునకు దింపించిన పద్యమును, నేటి గ్రంథపాలకుడు కాగితమునుండి మరల నోటి కెక్కించుచున్నాడు.

పట్టణములలో కథ వేఱు. కర్నూలులోనైనను కడపలోనైనను పఠన మందిరమున బల్లలన్నియు పోటీ పరీక్షల యువకులతో నిండియుండును. తెల్లవాఱగానే వచ్చి, కుర్చీమీద తువాలు పఱచి చోటు పట్టుకొని, ఇంటినుండి తెచ్చుకొన్న సద్ది తిని, దీపములు వెలుగువఱకు గైడ్లు వల్లెవేయువారిని చూచి కొందఱు పెద్దలు, ఇది చదువా యని పెదవి విఱుతురు. నేను వారితో ఏకీభవింపను. కఱవు సీమలో కొలువు మాట కడుపు మాట. నీడయు, పంకాయు, నిశ్శబ్దమును ఉచితముగా దొరకు స్థలము వారికి వేఱొకటి ఎక్కడ? ఆకలితో వచ్చినవానికి సాహిత్యోపన్యాసము చేయు గ్రంథపాలకుడు రెండవనాడు ఖాళీ కుర్చీలనే చూచును.

నేర్పరియైనవాడు ఉపన్యసింపడు. పరీక్ష పుస్తకములున్న బీరువా ప్రక్కనే, చేయి చాచినంత దూరమున, సీమ రచయితల కథల సంపుటము నొకదానిని, ఎవరో తీసి మఱచిపోయినట్లు, అడ్డముగా పెట్టును. మూడుదినములు అది కదలదు. నాలవనాడు మధ్యాహ్నపు ఉక్కలో, లెక్కలతో అలసిన కుఱ్ఱవాడొకడు దానిని తీసి, తన మండలపు మాటతీరు అచ్చులో చూచి, నిలుచుండియే రెండు పుటలు చదువును. గ్రంథపాలకుడు తలయెత్తడు. సాయంత్రము తలుపులు మూయువేళ ఆ కుఱ్ఱవాడు బల్లయొద్దకు వచ్చి, "సార్, ఇది ఇంటికి ఇస్తారా?" అని యడిగినప్పుడు, ఏమియు ఎఱుగనివానివలె రిజిస్టరు తెఱచి, కలము చేతబట్టి, పేరు చెప్పుమనును.